మూరెడు ఎక్కువ

జూన్ 3

అక్క వచ్చి వారమైంది. ఒక్క సంచితో వచ్చింది. కుట్టుమిషను చప్పుడు పడలేక బావ దాన్ని ఎవరికో ఇచ్చేశాడు. అడగలేదు, చెప్పలేదు. ఇన్నేళ్ళ కాపురంలో అక్క ఎన్నో మింగింది, ఇది మాత్రం గొంతు దిగలేదు. ఎన్నాళ్ళుంటావని నేను అడగలేదు. అడిగితే వెళ్ళిపోతుందేమోనని భయం.

జూన్ 5

హాల్లోనే పడుకుంటోంది. ఆ కిటికీకి కర్టెన్లు లేవు. ఒంటరిదాన్ని, ఇన్నాళ్ళూ నాకు అవసరం పడలేదు. ఎదురింటి పెద్దాయన పళ్ళు తోముకుంటూ తీరిగ్గా మా ఇంట్లోకే చూస్తాడు. మేం ఏ కూర వండుతున్నామో ఆయనకి మాకన్నా ముందే తెలిసిపోతుంది. నిన్న అక్క అడ్డంగా దుప్పటి కట్టింది. తెల్లారేసరికి అది ఊడి ఆమె మీదే పడింది. ఇద్దరం పడీ పడీ నవ్వాం.

కర్టెన్లు తనే కుడతానంది. మిషను లేదుగా అన్నాను. చేతులున్నాయిగా అంది.

జూన్ 8

నేను ఆఫీసులో ఉండగా గుడ్డ తెచ్చేసింది. ముదురు నీలం. నాకు లేత పసుపు ఇష్టం, ఆ సంగతి బయటపెట్టలేదు. పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించడం నా డ్యూటీ. మరీ పొడుగు దారం తీస్తానని చివాట్లు. నాకు నలభై దాటాయి, ఆమెకి నేనింకా చిన్నదాన్నే. ఇలాగే ఉండిపోతే ఎంత బాగుండు.

జూన్ 12

కుట్టడం అయింది. రాడ్డుకి ఎక్కించాం. మూరెడు ఎక్కువ. కిందంతా నేల మీద కుప్పపడింది. నవ్వబోయి ఆగిపోయాను.

అక్క కొలత తప్పదు. మనిషిని ఓసారి చూసి జాకెట్టు కత్తిరించేస్తుంది. ఈసారి కిటికీ కొలవనేలేదట, నోటికొచ్చిన పొడవు షాపులో చెప్పేసిందట. ఆ పొడవు నాకూ తెలుసు. అక్క వాళ్ళ హాలు కిటికీలు అంత ఎత్తుంటాయి. మనిషి ఇక్కడికొచ్చింది, చేతులు ఇంకా అక్కడే ఉన్నాయి.

ఎక్కువున్నది కత్తిరించేద్దామా అన్నాను. అక్క నేల మీది అంచుని చేతుల్లోకి తీసుకుంది.

"ఇప్పుడే వద్దులేవే. కోస్తే ఇంక ఆ కిటికీలకి పనికిరావు."

మూరెడూ లోపలికి మడిచి కచ్చా కుట్లు వేసింది. ఒక్కసారి లాగితే ఊడొచ్చేస్తాయి.

జూన్ 13

టీ చల్లారిపోయింది. ఆ కుట్లనే చూస్తూ కూర్చున్నాను.

జూన్ 19

బావ ఫోన్ చేశాడు. అక్క బాల్కనీలోకి వెళ్ళి మాట్లాడింది. నేను చప్పుడు కాకుండా గిన్నెలు కడిగాను, చెవులు అటే. సిగ్గు లేదు నాకు.

కొత్త మిషను కొంటాడట. మోటారుదట, అసలు చప్పుడే రాదట. మంచిదేగా అన్నాను, పెద్ద ఆరిందాలా. ఉండిపో అక్కా అనడానికి నోరు రాలేదు. నాకు తోడు కావాలని ఆమె కాపురానికి అడ్డం పడనా?

అక్క కర్టెన్ సర్దుతూ అంది, "చప్పుడు రాని మిషను ఎవరికోసమే? ఆయనకోసమేగా."

జూన్ 21

బావతో ఎదురుగానే మాట్లాడతానని అక్క ఈ ఉదయం బయల్దేరింది. కచ్చా కుట్లు ఊడదీసి కర్టెన్లు కూడా సంచిలో పెట్టనా అని అడిగాను. ఇంతకన్నా వెధవ ప్రశ్న నా జన్మలో అడగలేదు. తర్వాత చూద్దాంలే అంది. తాళంచెవి మాత్రం ఒకటి తీసుకుంది, పొరపాటున అనుకుంటాను.

జూన్ 22

ఫోన్ లేదు. నేనూ చేయలేదు.

జూన్ 23

ఆఫీసు నుంచి వచ్చేసరికి తలుపు తీసే ఉంది. హాలు కర్టెన్ల కింద ఆ మూరెడూ లేదు. కోసిన ఆ ముక్క వంటింటి బుల్లి కిటికీకి కర్టెనై వేలాడుతోంది.

అక్క తలెత్తకుండా సూది అందించింది. దారం పొట్టిగా తీయమంది.