నాలుగో అంతస్తుకి వరద

ఆగస్టు, ఆదివారం

ఈయన బల్గేరియా వెళ్ళి నాలుగు నెలలైంది. ప్లోవ్‌దివ్‌లో గది మారానని సాయంత్రం వీడియో కాల్ చేసి, నెబెట్ తెపె అనే కొండెక్కి ఊరంతా చూపించారు. కింద రాళ్ళు పరిచిన పాతబస్తీ వీధులు, ఒకవైపు దూరంగా పల్లెల వెనక నీలంగా రొడోపి కొండలు, ఇంకోవైపు మరిత్స నది. కొత్త గది నదికి అవతల, కర్షియాకా అనే పేటలోనట.

నది అనగానే అత్తయ్యగారు నా చేతిలోంచి ఫోను తీసేసుకున్నారు.

"ఏరా నాన్నా, వరదొస్తే నీళ్ళు ఎందాకా వస్తాయో అక్కడోళ్ళని అడిగేవా?"

"మాది నాలుగో అంతస్తమ్మా!"

"ఎన్నోదైతే ఏంట్రా? కాగితాలు పైన పెట్టుకో."

మా లంకలో ఏటా గోదారి పెరగకముందే కాగితాలన్నీ అటకెక్కుతాయి. అయినా నాలుగో అంతస్తులోనా! నాకు నవ్వాగలేదు.

గదికి చేరాక ఈయన మళ్ళీ చేసి, బీరువా పైకి ఫోను ఎత్తి చూపించారు. ఆ గదిలో దిగిన రోజే పాస్‌పోర్టు కవరులో చుట్టి అక్కడ పెట్టేశారట! అత్తయ్యగారి మొహం వెలిగిపోయింది.

"ఈ పక్కన ఖాళీ నీ పాస్‌పోర్టుకి," అన్నారు ఈయన నాతో.

రెండు నెలలుగా రమ్మంటున్నారు. ఇక్కడ బడి ఉద్యోగం, అక్కడ ఆ చలి, రాని భాష... నేనింకా సరే అనలేదు. పాస్‌పోర్టు గడువు చూద్దామని మాత్రం అటక కింద స్టూలు వేసుకున్నాను. అత్తయ్యగారు వచ్చి స్టూలు పట్టుకున్నారు.