మూత తీసి చూడకండి

ఇంట్లో లేని మా ఇంటావిడకు,

ఇక్కడ నేనూ మీ నాన్నగారూ క్షేమం. క్షేమమంటే ఇద్దరం ఇంకా మాట్లాడుకుంటున్నామని అర్థం. ఫోను అందని ఆ కొండ మీది ఆస్పత్రిలో నువ్వూ, నీ రోగులూ కులాసా అని తలుస్తాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. మీ నాన్నగారు మందులు వేసుకుంటున్నారు, తిట్టుకుంటూనే. టైలరు షాపులో యూనిఫారాల కాలం, తలెత్తే తీరిక లేదు. నల్లకోడి పొదుగుతోందా అని అడిగావు. పొదగడం లేదు. నువ్వు బాధపడతావని కిందటి ఉత్తరంలో ఆ మాట దాటేశాను. గుడ్ల మీద కూర్చున్న కొద్ది రోజులకే దాన్ని వీధికుక్క పట్టుకుపోయింది. నేను షాపు నుంచి వచ్చేసరికి గంపలో గుడ్లు మాత్రం ఉన్నాయి, ఇంకా వెచ్చగా.

ఆ వెచ్చదనం చేతికి తగిలాక పారేయబుద్ధి కాలేదు. అట్టపెట్టె చుట్టూ కోటు గుడ్డ కుట్టి, లోపల బల్బు వేలాడదీసి, గిన్నెతో నీళ్ళు పెట్టి, పైన మూత వేశాను. గుడ్లకి ఒకవైపు పెన్సిలుతో గీత గీసి, పూటపూటకీ తిప్పుతూ వచ్చాను. మీ నాన్నగారి సంగతి తెలుసుగా, కోడిగుడ్డు మీద ఈకలు పీకే మనిషి. "బల్బు వేడెక్కువైంది, నీళ్ళు తక్కువయ్యాయి, అసలు నువ్వు కుడుతున్నావా, పొదుగుతున్నావా అల్లుడూ?" అని ఒకటే గోల. కానీ ఓ మధ్యాహ్నం కరెంటు పోతే, గుడ్లన్నీ తన శాలువాలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, మళ్ళీ వచ్చేదాకా కదల్లేదు. టీ కూడా అడగలేదు.

కోడి పొదిగేటప్పుడు లోపలి పిల్లలతో మాట్లాడుతుందని, ఆ గొంతు పట్టే అవి తల్లిని గుర్తుపడతాయని నువ్వు అనేదానివి. ఇప్పుడు తల్లి గొంతు ఎక్కణ్ణుంచి తేను? నువ్వు వెళ్ళేముందు నా ఫోనులో వంట పాఠం రికార్డు చేసి పెట్టావే, దాన్నే పెట్టె పక్కన పెట్టి వినిపించాను. "ఏమండీ, వింటున్నారా? నీళ్ళు పోశాక మంట తగ్గించండి. మాటిమాటికీ మూత తీసి చూడకండి, ఆవిరి పోతుంది. దానంతటదే అవుతుంది."

"పిల్లలు అన్నం వార్చుకుంటూ బయటికొస్తాయి చూడు," అని మీ నాన్నగారు మొదట నవ్వారు. తర్వాత ఆయనే, "ఇంకోసారి పెట్టవయ్యా, వాటికి సరిగ్గా వినపడలేదు," అనడం మొదలుపెట్టారు. కళ్ళు మాత్రం గోడవైపు తిప్పుకునేవారు.

పోయిన వారం గుడ్లు చిట్లాయి. పిల్లలు ఒక్కొక్కటే బయటపడ్డాయి, తడిసిన దూదిలా. ఒకటి మాత్రం పెంకుకి చిన్న కన్నం చేసి ఆగిపోయింది. "చచ్చిపోతుందయ్యా, పెంకు వలిచెయ్యి!" అని మీ నాన్నగారు. నాకూ మనసు నిలవలేదు. ఇద్దరం మూత మీద చెయ్యి వేశాం. సరిగ్గా అప్పుడే ఫోనులో నువ్వు "మాటిమాటికీ మూత తీసి చూడకండి" అన్నావు. దొంగల్లా చేతులు వెనక్కి తీసుకున్నాం. సాయంత్రానికి అది దానంతటదే బయటికొచ్చింది.

ఇప్పుడు నేనెంత బతిమాలినా ఒక్కటీ దగ్గరికి రాదు. నువ్వు "ఏమండీ" అనగానే మాత్రం ఒకదాని మీద ఒకటి పడుతూ ఫోను దగ్గరికి పరిగెడతాయి. చుట్టూ తిరిగి, వెనక్కి వెళ్ళి వెతికి, ఎవరూ లేరని కియ్యోమంటాయి. చూడలేక ఇవాళ ఫోను ఆపేశాను.

ఇక అసలు సంగతి. ఇంకో ఏడాది ఉండమని ఆస్పత్రివాళ్ళు అడుగుతున్నారని, ఏం చెప్పమంటారని రాశావు. "నీ ఇష్టం" అని జవాబిచ్చాను. పెద్దమనిషిలా కనపడాలని రాసిన మాట అది. అక్కడ నీ అవసరం ఎంతుందో నాకు తెలుసు, నిర్ణయమూ నీదే. కానీ నువ్వు అడిగింది నా ఇష్టం. నాకు నువ్వు రావాలని ఉంది. పెట్టెలో గుడ్లు లేనప్పుడు కూడా ఆ వంట పాఠం వినేవాణ్ణి. అన్నం వండటం నాకు ఎప్పుడో వచ్చేసింది.

"ఏమండీ" అంటే పరిగెత్తుకొచ్చేవాళ్ళు ఈ ఇంట్లో ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఫోను వెనక ఎవరూ లేరని తెలిసి కూడా పరిగెత్తేవాణ్ణి నేనొక్కణ్ణే.

ఇట్లు,
నీ 'ఏమండీ'