గేరు బాక్సు ఎవరూ విప్పరాదు

ఇందుమూలముగా సమస్త జనులకు, ముఖ్యముగా పక్కనున్న టైర్ల షాపు ఆసామికి తెలియజేయడమేమనగా: ఆయన షాపులోని పదమూడో నంబరు స్పానరు నాదే. "ఐదు నిమిషాల్లో ఇచ్చేస్తా" అని తొమ్మిదేళ్ళ కిందట పట్టుకెళ్ళింది ఆయనే. ఆ ఐదు నిమిషాలూ ఇంకా అయినట్టు లేదు. అలాగే నా షెడ్డులోని కుంటి స్టూలు పుట్టుకతో కుంటిది కాదు. బేరమాడే కస్టమర్లు ఎక్కువసేపు కూర్చోకుండా దాని కాలు ఒకటి నేనే అరంగుళం కోశాను. ఈ రెండు సంగతులూ లోకానికి తెలియకుండా పోవడం నాకు ఇష్టం లేదు కనుక ముందు వీటిని రాశాను.

ఇక అసలుది. పాత స్పోర్ట్సు కార్లకు క్లచ్చులూ గేరు బాక్సులూ మార్చి బతికేవాడిని, వయసు యాభై మూడు, చదువు ఏడో తరగతి దాకా, అదీ ఏడోది రెండుసార్లు. పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో నేను రాస్తున్న వీలునామా ఇది. నా మతి మీద అనుమానం ఉన్నవాళ్ళు ఏ గేరు బాక్సైనా విప్పి నా ముందు కుప్ప పోయండి, కళ్ళు మూసుకుని బిగిస్తాను. పాడైంది గుండె ఒక్కటే. డాక్టరు ఫోటో చూపించి వాల్వు అరిగిపోయింది, మార్చాలన్నాడు. పాత బండికి కొత్త పార్టు కుదరదు లెండి అన్నాను. ఆయన నవ్వలేదు.

నాకున్నది ఒక్క కూతురు. మా ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఈ కాగితం అమలు చేయాల్సినవాడు మా ఆవిడ తమ్ముడు, వీధికి అవతల షెడ్డు పెట్టుకున్న మెకానిక్కు. వాడికి పని నేర్పింది నేనే అని ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే వాడు ఎక్కడా చెప్పడు.

1. ఇల్లూ, ఇంట్లో సామానూ మొత్తం నా కూతురికి చెందుతాయి. కూరగాయలు తూచే స్ప్రింగు త్రాసు మాత్రం వంటింట్లో లేదు, షెడ్డులో ఉంది. కొక్కేనికి గ్రీజు అంటి ఉంటుంది, తుడుచుకో. దానికోసం మీ అమ్మ మూడు వారాలు వెతికింది. నేనూ ఆమెతోపాటు వెతికాను, చాలా శ్రద్ధగా.

2. లేతు మిషను, పెద్ద జాకీ, గేరు బాక్సు దించే గొలుసూ కప్పీ నా బామ్మర్దికి. పొగరు వాడికి సొంతంగా కావలసినంత ఉంది కనుక అదేమీ రాసివ్వడం లేదు.

3. ఆకుపచ్చ స్పోర్ట్సు కారున్న నల్లకళ్ళద్దాల ఆసామికి ఒక నట్టు. ఆయన బండిలో టిక్కు టిక్కుమనే చప్పుడు గేరు బాక్సులోది కాదు, వెనక చక్రం మూతలో నేను వేసిన ఆ నట్టుది. మెకానిక్కులందరి చుట్టూ తిరిగింది చాలు, మూత తీసి ఆ నట్టు జేబులో వేసుకోమనండి. మా ఆవిడ బండిని ఆపి ఆయన బండి చేశానని నాకు ఆయన మీద కోపం. నిజానికి ఆయన బండి తెచ్చాడంతే. దాన్ని ముందు లోపలికి తోసింది నేను.

4. ఎర్ర రెండు సీట్ల స్పోర్ట్సు కారు నా కూతురికి. దీని సంగతి కాస్త పొడుగు.

మా పెళ్ళయిన ఏడాది ఆ బండిని తుక్కు కింద కొన్నాను. నేను ముందు జీపులో లాగుతుంటే, వెనక తాడు కట్టిన బండిలో స్టీరింగు పట్టుకుంది మీ అమ్మ. బ్రేకులు లేవు. ఆ సంగతి దారిలో చెప్పాను. తిట్లు తాడు పొడవునా వినపడుతూనే ఉన్నాయి. తర్వాత దాన్ని బాగుచేస్తే పదేళ్ళు ఆవిడే నడిపింది, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని. ఆ పైన మెట్ల మీద జారి ఎడమ మోకాలు విరిగింది. అతికింది గాని బలం రాలేదు. ఆ బండి క్లచ్చు తొక్కాలంటే ఇరవై రెండు కిలోల బలం కావాలి. త్రాసు తగిలించి లాగి చూశాను. అమ్మలూ, త్రాసు ఎటు పోయిందో ఇప్పుడు తెలిసిందిగా.

ఎనిమిదేళ్ళ తర్వాత ఆవిడ అడిగింది ఒక్కటే. "ఆ పెడలు కాస్త మెత్తగా చేసిపెట్టండి. ఒక్కసారి నడిపి చూస్తాను."

బామ్మర్ది అన్నాడు, "ప్రెషర్ ప్లేటు తేలికది వేసి, కడ్డీ తీసేసి ఆయిలు సిలిండరు పెడితే నాలుగు రోజుల పని బావా. అక్క చేతికి ఇచ్చేయ్."

నాలుగు రోజుల పని చేస్తే నేనెందుకవుతాను? నాలుగు గేర్ల డబ్బా పీకేసి ఐదు గేర్లది పెడతానన్నాను. "నాకు నాలుగు చాలండీ" అంది ఆవిడ. ఐదో గేరు పడితే ఇంజను చప్పుడు అణిగి గాలి చప్పుడు వినపడుతుంది, అది నువ్వు వినాలి అన్నాను. వినాలన్న ఆశ ఆవిడకు పెట్టింది నేనే.

ఐదు గేర్ల పెట్టె వేరే బండిది. మన ఇంజనుకు దాన్ని కలపాలంటే మధ్యలో అల్యూమినియం ప్లేటు ఒకటి చెక్కాలి. మొదటి ప్లేటు మూడు మిల్లీమీటర్లు లావైంది. రెండోదానికి నడిమి కన్నం వెంట్రుక వాసి పక్కకు పోయి షాఫ్టు కూర్చోలేదు. మధ్యలో ఆకుపచ్చ బండి, ఇంకెవరిదో నీలం బండి. రెండేళ్ళు గడిచాయి. ఒకరోజు బామ్మర్ది చేతులు తుడుచుకుంటూ, "నువ్వు చేస్తున్నది అక్క కోసం కాదు బావా, నలుగురికీ చూపించుకోడానికి" అని పనిముట్ల పెట్టె తీసుకుని వీధి దాటాడు. ఏడాదిన్నర మాటల్లేవు. వాడన్నది నిజం. కోర్టులో చెల్లే కాగితం మీద రాస్తున్నానురా, చించకుండా దాచుకో.

5. మీ అమ్మ ఒక మంగళవారం పొద్దున, పళ్ళు తోముకుంటూ కూలబడి అట్నుంచటే పోయింది. నువ్వు ఉద్యోగం ఊరి నుంచి వచ్చావు. నీ వెనకే మీ మామయ్యా వచ్చి, ఏడాదిన్నర తర్వాత నాతో మొదటి మాటగా అడిగాడు: "అక్క బండి నడిపిందా బావా?"

నడిపిందన్నాను. ఆ రోజు చెప్పిందే మళ్ళీ రాస్తున్నాను. మొన్న ఆదివారం పొద్దున, పాత రన్‌వే పక్క రోడ్డు మీద. మొదటి మలుపులో రెండుసార్లు ఇంజను ఆపేసి, అదేదో నేను చేసినట్టు నాకేసి చూసింది. వెనక బ్రెడ్డు వ్యానువాడు హారను కొడితే తల బయటపెట్టి, "పన్నెండేళ్ళు ఆగాను నేను, నువ్వు రెండు నిమిషాలు ఆగలేవా" అంది. ఐదో గేరు పడ్డాక తల కాస్త పక్కకు వంచింది. గాలి వింటోంది. నమ్మకపోతే మీటరు చూసుకోండి, పద్నాలుగు కిలోమీటర్లు పెరిగింది.

వాడు నా భుజం మీద చెయ్యి వేశాడు. మర్నాటి నుంచి మళ్ళీ టీకి వస్తున్నాడు. నువ్వు ఫోను చేసినప్పుడల్లా బ్రెడ్డు వ్యాను సంగతి మళ్ళీ చెప్పమంటావు. చెబుతున్నాను.

6. పై కారు గేరు బాక్సును ఎవరూ, ఏ కారణం చేతనూ, ఆయిలు కారినా చప్పుడొచ్చినా, ఇంజను నుంచి విడదీయరాదు. ముఖ్యముగా నా బామ్మర్ది.

7. పై ఆరో కలము రద్దు చేయడమైనది. అది చదివేసరికే వాడు స్పానరు అందుకుని ఉంటాడు. వద్దన్నదే చేస్తాడని ముప్పై ఏళ్ళుగా తెలుసు కాబట్టే వద్దన్నాను. విప్పరా. లోపల ఏముందో మాత్రం నా కూతురికి ముందు నేనే చెప్పాలి.

క్లచ్ ప్లేటు మీద కంపెనీవాళ్ళు కొట్టిన తెల్ల ముద్ర చెక్కు చెదరకుండా ఉంటుంది. ఆ ప్లేటు నొక్కుకునే ఫ్లైవీలు చక్రం మీద లేతు గీతలు నిన్న గీసినట్టే ఉంటాయి. బండి ఒక్క వీధి నడిచినా అవి అరుగుతాయి. మా పనిలో నోటితో ఎన్ని కోతలు కోసినా ఆ ప్లేటు ఒప్పుకోదు. మీటరు మీద పద్నాలుగు కిలోమీటర్లు ఆ రాత్రే నేను దాని కేబులుకు డ్రిల్లు మిషను తగిలించి తిప్పినవి.

ఆ ఆదివారం జరిగింది ఇదీ. గేరు బాక్సు బల్ల మీద ఉంది, మూడో ప్లేటు ఇంకా లేతు మీదే ఉంది. బండిలో గేరు రాడ్డు ఉండాల్సిన చోట కన్నం. మీ అమ్మ టీ తెచ్చి, గ్లాసు నా చేతికిచ్చి, డ్రైవరు సీట్లో కూర్చుంది. పెడలు తొక్కింది. అది దేనికీ తగిలించి లేదు కనుక నేల దాకా పోయింది. "ఇంత మెత్తగానా" అంది. ఉత్త గాల్లో చెయ్యి తిప్పుతూ ఒకటి, రెండు, మూడు, నాలుగు వేసింది. "ఐదోది ఎటు?" అంది. కుడివైపుకి, పైకి అన్నాను. వేసింది. కాసేపు కళ్ళు మూసుకుని, "ఆఁ, వినపడుతోంది" అంది, నన్ను ఆటపట్టించడానికి. వచ్చే ఆదివారం నిజంగా వినిపిస్తానన్నాను.

షెడ్డు తలుపు ఎవరికీ తీయకుండా, ఆవిడ పోయిన ఇరవయ్యో రోజున గేరు బాక్సు ఎక్కించాను. ఈసారి షాఫ్టు వెన్నలోకి కత్తి దిగినట్టు దిగింది. పెడలుకు త్రాసు తగిలించి లాగితే తొమ్మిది కిలోలు. తొక్కి మాత్రం చూడలేదు. దాని మీద పడ్డ ఆఖరి పాదం మీ అమ్మది, దాని మీద నా బూటు పెట్టలేకపోయాను. రెండేళ్ళుగా బండి అక్కడే నిలబడి ఉంది.

ఆ పెడలు నీకు రాసిస్తున్నాను. నువ్వే తొక్కు. పక్క సీట్లో మీ మామయ్య కూర్చోవాలి, నా మీద పళ్ళు నూరుతూనైనా సరే. ఐదో గేరు కుడివైపుకి, పైకి.

బ్రెడ్డు వ్యాను లేదు తల్లీ. ఆ రోడ్డు మీదికి మేం వెళ్ళలేదు. మీ అమ్మ ఆ బండి నడిపిందన్నది పూర్తిగా నేను కల్పించింది.

తేదీ: పదకొండో నెల, ఆరో తారీఖు, ఆదివారం.

ఇట్లు,
(నా సంతకం, గ్రీజు మరక కూడా నాదే)
షెడ్డు యజమాని

సాక్షులు:
1. పక్క టైర్ల షాపు యజమాని. చదవకుండా సంతకం పెట్టాడు, చదివితే స్పానరు సంగతి తెలిసేది.
2. ఎదురింటి టైలరమ్మ. ఆవిడనూ చదవనివ్వలేదు. ఎందుకు ఏడుస్తున్నావని అడిగింది, కంట్లో ఇనుప రజను పడిందన్నాను.