చెరువు కట్ట మీద స్టీరింగు

అనంతపురం, 1959. ఆదివారం రాత్రి.

నా పాత కారును బాగు చేయించి అమ్మాలా, ఉన్నదున్నట్టే ఇచ్చేయాలా అని ఎటూ తేల్చుకోలేకపోయాను. ఇంతలో కొంటానంటూ ఉరవకొండ నుంచి రామప్ప వచ్చాడు. అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని బుక్కరాయసముద్రం చెరువు కట్ట మీద నడుపుతుంటే స్టీరింగు చేతిలో వట్టిగా తిరిగిపోయింది. గట్టిగా బ్రేకు తొక్కితే కారు కట్ట అంచున ఆగింది. చెరువులో నీళ్లు లేవు, అడుగున అన్నీ బండలే.

నేనింకా బ్రేకు మీద నుంచి కాలు తియ్యలేదు. రామప్ప మాత్రం దిగి పంచె దులుపుకున్నాడు.

"ఇట్లే ఇచ్చెయ్యన్నా. రిపేరీ చేయిస్తే ధర పెంచుతావు. స్టీరింగును నేనే ఇనప కమ్మీతో కట్టుకుంటా."

"ఏమప్పా, ఇప్పుడే గదా సావు తప్పింది!"

"నేనేమన్నా ఎక్కుతానా? బాడుగకు తిప్పుతా. పెండ్లోళ్లు ఎక్కుతారు."

స్టీరింగు వట్టిగా తిరిగినప్పటికన్నా ఆ మాటకే నా గుండె ఎక్కువగా ఝల్లుమంది. బాగు చేయించందే అమ్మనని చెప్పేశాను. అతను నవ్వి, "ఈ ఊర్లో నీదొక్కటేనా పాత కారు?" అంటూ బస్సెక్కి పోయినాడు.

రేపు ఎద్దులు కట్టి కారును మెకానిక్ దగ్గరికి లాగించాలి. నా కారు సరే. వాడు కొనబోయే ఆ ఇంకో కారులో ఎవరి పెళ్లికూతురు ఎక్కుతుందో...