పడమటి గోడకు కిటికీ

రాయ్‌పూర్, మార్చి 3

గౌరవనీయులైన ముయా తాతగారికి, బచేలి అమ్మాయి దేవిశ్రీ నమస్కారాలు.

మీ ఫోను వారం నుంచి మోగడం లేదు. అందుకే ఈ ఉత్తరం కోంటా బస్సు డ్రైవరు గారి చేతికిస్తున్నాను. మీ ఎర్రబోరు ఇంట్లో రెండ్రోజులుండి, కోళ్లను అదిలించుకుంటూ కొలతలు తీసుకున్నాను కదా? వాటితో కంప్యూటర్లో మీ ఇల్లు కట్టేశాను! మా యూనివర్సిటీ చదువే అది. ఉన్న ఇంటిని గోడలతో, వాసాలతో సహా కంప్యూటర్లోకి ఎక్కించాలి. దాన్ని కాగితం మీద అచ్చు తీసి పంపుతున్నాను. ఇరవయ్యో తేదీన మా సారు వచ్చి ఇంటినీ కాగితాన్నీ సరిచూస్తారు. తేడా వస్తే ఫెయిల్, ఏడాది పోతుంది. తప్పుంటే వెంటనే రాయండి తాతా.

మీ మనవరాలి లాంటి
దేవిశ్రీ

తా.క. మీ ఇంట్లో సోమవ్వ వండిన చేపల పులుసు తిన్నాక హాస్టలు సాంబారు ముఖం చూడబుద్ధి కావడం లేదు.

*

ఎర్రబోరు, మార్చి 6

బిడ్డ దేవిశ్రీకి ముయా తాత దీవెనలు. ఇక్కడ అందరం మంచిగున్నం. ఫోను నీళ్లల పడ్డది.

నీ నక్షా అందింది. మస్తుగున్నది. ఒక్కటే తేడా. మా వంటింటి కిటికీ తూర్పు గోడకున్నది. నువ్వు దాన్ని మూసేసి పడమటి గోడకు పెట్టినవ్. దీనికి పరేషాన్ గాకు. నక్షాల సంగతి నాకు తెల్వదా ఏంది? ఒకపాలి పట్వారీ మా చేను వాగవతల గీసిండు. ఐదేండ్లు దఫ్తర్ చుట్టు తిరిగిన. కాగితం మారలే. ఆఖరికి నేనే వాగవతలకు పోయి దున్నుకుంటున్న. కాగితం మారదు బిడ్డా, మనమే మారాలె. నువ్వు నిమ్మళంగ చదువుకో. రేపే పని మొదలువెడ్తం.

ఇట్లు
ముయా తాత

తా.క. "ఏం పని?" అని మీ సోమవ్వ అడుగుతున్నది. ఇంకా చెప్పలే.

*

రాయ్‌పూర్, మార్చి 9

తాతగారికి నమస్కారాలు.

తప్పు నాదే! కంప్యూటర్లో బొమ్మను అటుదిటు తిప్పే మీట ఒకటుంది. వంటింటి మీద పొరపాటున నొక్కేశాను. ఐదు నిమిషాల్లో సరిచేశాను, కిటికీ మళ్లీ తూర్పుకి వచ్చేసింది. కొత్త కాగితం సారుకి ఇచ్చేశాను, మీకూ పంపుతున్నాను. మీరు దేన్నీ ముట్టుకోకండి.

దేవిశ్రీ

తా.క. రేపే మొదలుపెడతామన్న పని ఇప్పపూలు ఏరడమే కదా? కదా తాతా?

*

ఎర్రబోరు, మార్చి 12

బిడ్డా, దీవెనలు.

ఇప్పపూలు కాదు. నీ ఉత్తరం వచ్చేసరికే మా ఊరి భీమా, హుంగా వచ్చి పడమటి గోడ పగలగొట్టి కొత్త కిటికీ నిలబెట్టిన్రు. వాళ్లకు రెండు కోళ్లు కోసినం. ఇగ తూర్పు కిటికీ మూద్దామని మట్టి తొక్కుతుంటే నీ రెండో నక్షా దిగింది. ఏంది బిడ్డా ఇది? పట్వారీ గూడ ఒక్కపాలే గీస్తడు! ఇప్పుడు ఏ నక్షా ఖరారు?

ముయా తాత

తా.క. మట్టి ఎండుతున్నది. జల్ది రాయి.

*

రాయ్‌పూర్, మార్చి 15

అయ్యో తాతా! నమస్కారాలు.

రెండోదే ఖరారు. సారు ఇక మార్చనివ్వరు. పడమటి కిటికీ మూసేయండి, తూర్పుది అలాగే ఉంచండి. సారు వచ్చే ఇరవయ్యో తేదీన నాకు రాతపరీక్ష, నేను రాలేను. నా ఏడాది మీ చేతుల్లో ఉంది.

దేవిశ్రీ

తా.క. కోళ్లు పోయినందుకు సోమవ్వ నన్ను క్షమించాలి.

*

ఎర్రబోరు, మార్చి 21

బిడ్డ దేవిశ్రీకి తాత, అవ్వ ఇద్దరి దీవెనలు.

నీ మాట ప్రకారం పడమటిది మూయబోయిన. మీ అవ్వ చీపురు పట్టుకొని అడ్డం నిలబడ్డది. "నలభై ఏండ్లు పొగల కండ్లు నలుపుకుంట వండిన. రెండు దిక్కుల కిటికీలుంటే పొగ బయటికి పోతున్నది. ఒక్కటి మూసినా రేపటి నుంచి పొయ్యి నువ్వే ముట్టియ్యి" అన్నది. నేను మట్టి తట్ట కింద పెట్టిన.

నిన్న మీ సారు వచ్చిండు. మా ఇల్లు నీ రెండు నక్షాల్ల ఏ ఒక్కదానికీ కలవలే. "ఏంది ఇది?" అని హిందీల అడిగిండు. మీ అవ్వ మొత్తం చెప్పేసింది, నువ్వు మీట నొక్కింది గూడ! సారు పొయ్యి కాడ కూసొని చాయ తాగిండు. ఒక్కపాలి గూడ దగ్గలే. తర్వాత టేపు తీసి ప్రతి గోడ కొలిచిండు. ఎక్కడా ఇంచు తేడా రాలే. "రెండు కిటికీలతోటి మూడో నక్షా గీసి ఇమ్మను. పాస్ చేస్తున్న" అన్నడు. గెలిచినవ్ బిడ్డా! నాకైతే సంతోషంతోటి ఏడుపొచ్చింది.

ముయా తాత

తా.క. మంగి, పొజ్జే, ఇంకో ఇద్దరు ఆడోళ్లు మన వంటిల్లు చూసిపోయిన్రు. వాళ్ల ఇండ్లకు గూడ తప్పు నక్షాలు పంపు. సరిజేసినవి పంపకు.