నక్కకు మొక్కిన మేనమామ

అక్కా చంద్రకళా, నీ తమ్ముడు నర్సయ్య రెండు చేతులు జోడించి రాస్తున్నాను. ముందు పాప సహస్రకు ఒంట్లో ఎలా ఉందో చెప్పు. అన్నం తింటోందా? జ్వరం మళ్ళీ తిరగబెట్టలేదు కదా? మీ అత్తమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? బావ బాగున్నాడని మాత్రం నాకు తెలుసు. మొన్న నన్ను తిట్టేటప్పుడు ఆయన గొంతు గుడి గంటలా ఖంగుమంది.

నేను బాగున్నాను. దోహాలో ఎండ తగ్గింది. తెల్లవారి డ్యూటీ బస్సు ఎక్కేటప్పుడు స్వెటర్ వేసుకుంటున్నాం. ప్రపంచ కప్పు ఆటలకు ఇంకా నాలుగేళ్ళుంది గానీ మా సూపర్‌వైజర్‌కు అవి రేపే. తొందరపెట్టే "యల్లా, యల్లా" తప్ప ఆయన నోట ఇంకో మాట రాదు. నేల కింద రైలు నడిచేదాకా మాకూ ఆయనకూ నిద్ర లేదు. తిండికి లోటు లేదు, నజ్మా బస్తీలో మనవాళ్ళ మెస్‌లో పచ్చిపులుసు కూడా దొరుకుతోంది. నా గురించి బెంగ వద్దు, బాగానే ఉన్నాను. కడుపులో మంట తప్ప వేరే జబ్బు లేదు.

ఆ మంట సంగతి ఫోన్‌లో చెప్పలేను. బావ స్పీకర్ పెడతాడు. అందుకే ఈ ఉత్తరం నాతో పనిచేసే మన ఊరి గంగారాం చేతికిస్తున్నాను. లీవు మీద వస్తున్నాడు. నీ చేతికే ఇవ్వాలని ఒట్టు వేయించుకున్నాను. నేను నక్కకు మొక్కే ఆ ఫోటో తీసి ఊరి గ్రూపులో పెట్టింది వాడే. "నవ్వులాటకు పెట్టిన్నే అన్నా, గిట్లయితదనుకున్ననా" అని చెంపలు వేసుకున్నాడు. "నువ్వు అంటించినవు, నువ్వే ఆర్పు" అన్నాను.

బావ అన్న మాట నా చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది. "నక్కకు మొక్కినోని ఒడిల నా బిడ్డను కూసోబెట్టాల్నా? వేరే మతంల కలిసొచ్చిండు. పుట్టువెంట్రుకలకు మీ చిన్నాయన కొడుకు మల్లేశ్‌ను పిలుస్త. ఆయన మాత్రం మేనమామ కాడా?" అన్నాడు. అక్కా, నీకు తోడబుట్టినవాణ్ణి నేనొక్కణ్ణి. పాప తల మీద మొదటి మూడు కత్తెర్లు నా ఒడిలో పడాలి. ఆ ఒక్క పొద్దు కోసం మూడేళ్ళుగా కాచుకున్నాను. నా ఒడి మైలపడిందని చెప్పడానికి ఆయన ఎవరు?

ఏం జరిగిందో వరుసగా చెబుతాను, విను. రైలు బోగీల పని నేర్చుకోవడానికి కంపెనీ మమ్మల్ని నలుగురిని రెండు వారాలు జపాన్ పంపింది కదా. ఆదివారం పని లేదు. మాకు పని నేర్పే సాతో సార్, అరవై ఏళ్ళ పెద్దమనిషి, తన సెలవు చెడగొట్టుకుని గంగారాంనూ నన్నూ క్యోటో అనే పాత పట్నానికి తీసుకెళ్ళాడు. గుళ్ళు చూపిస్తానన్నాడు. రైలు దిగుతుండగా నీ ఫోన్ వచ్చింది. నువ్వేమన్నావో నీకు గుర్తుందా? నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "తమ్మీ, సహస్రను దవాఖానల పండవెట్టిండ్రు. రక్తంల కణాలు పడిపోతున్నయంట. ఏ దేవుడు కండ్లవడితే ఆ దేవునికి మొక్కురా, నా బిడ్డ దక్కాలె" అని ఏడ్చావు.

మొదట కళ్ళబడింది బుద్ధుడి గుడి. చెప్పులు బయట విడిచి లోపలికి వెళితే ఎంతో పొడుగాటి చెక్క మండపం. మనిషెత్తు బంగారు విగ్రహాలు వెయ్యి, వరి నాట్లు వేసినట్టు వరుసగా నిలబడి ఉన్నాయి. వాటి ముందు కావలి దేవతలు. అక్కా, అందులో మన గరుత్మంతుడున్నాడు! రెక్కలున్నాయి, ముక్కుంది, పిల్లనగ్రోవి ఊదుతున్నాడు. పరాయి దేశంలో మన ఇంటి మనిషి ఎదురుపడ్డట్టయింది. ఇంకేం ఆలోచించలేదు. సంచిలోంచి కర్పూరం తీసి, డబ్బా మూత మీద పెట్టి, అగ్గిపుల్ల గీశాను.

కావలివాడు ఉరికి వచ్చి ఉత్త చేతులతో ఆ పుల్ల నలిపేశాడు. ఏదో అరిచాడు, నేనూ అరిచాను. "దేవుని ముందట హారతి ఇయ్యనియ్యవా? హారతి లేని గుడి గుడేనా?" అన్నాను. గంగారాం నా చొక్కా పట్టుకుని గుంజుతున్నాడు. అప్పుడు సాతో సార్ ఆ కావలివాడి ముందు నడుం దాకా వంగాడు. తప్పు నాది, వంగింది ఆయన. తర్వాత స్తంభాలు చూపించాడు. అన్నీ కొయ్య, వందల ఏళ్ళ నాటివి, నిప్పురవ్వ చాలు. మన గడ్డివాము పక్కన ఎవడైనా దీపం పెడితే నేను ఊరుకుంటానా? సిగ్గుతో తల వంచుకున్నాను. ఎందుకలా చేశావని ఆయన అడిగితే ఫోన్‌లో సహస్ర బొమ్మ చూపించి, వచ్చీ రాని ఇంగ్లీషులో చెప్పాను.

ఆయన మమ్మల్ని ఇంకో గుడికి తీసుకెళ్ళాడు. ఇది వాళ్ళ పాత దేవతలది. కొండంతా సిందూరం రంగు తోరణాలే. గుమ్మంలో రెండు రాతి నక్కలు, మెడలో ఎర్ర గుడ్డలు, ఒకదాని నోట వరికంకులు. అక్కడ దేవత పంట దేవత, నక్క ఆమె బంటు. "నాకు జబ్బు చేస్తే మా అమ్మ ఇక్కడికే వచ్చేది" అన్నాడు సాతో సార్. తొట్టిలో నీళ్ళతో చేతులు, నోరు కడుక్కుని, రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి మొక్కాలని చూపించాడు. అలాగే మొక్కాను. కళ్ళు తెరిచేసరికి గంగారాం ఫోటో తీసి, "అన్నా, అందరు నక్క తోక తొక్కుతరు, నువ్వు నక్కకే మొక్కినవు" అని నవ్వుతున్నాడు.

ఇదీ నా నేరం! ఐదో తరగతి దాటనివాణ్ణి, అయినా పదేళ్ళుగా శుక్రవారం భజనలో పుస్తకం విప్పి అర్థం చెబుతున్నాను. ఆ పుస్తకం ఇప్పుడూ నా జేబులోనే ఉంది. తొమ్మిదో అధ్యాయం తీయమను బావను. ఎవరు ఏ దేవతకు శ్రద్ధగా మొక్కినా అది తనకే చేరుతుందని భగవంతుడే చెప్పాడా లేదా? ఐదో అధ్యాయం తీయమను. జ్ఞాని ఆవునూ కుక్కనూ ఒకే కంటితో చూస్తాడని లేదా? మన భైరవుడు కుక్కను ఎక్కలేదా, గణపతి ఎలుకను ఎక్కలేదా? ఎలుకకు మొక్కే బావకు నక్క చేదయిందా? ఒక్క పుట తిప్పనివాడు నా భక్తిని తూకం వేస్తాడా!

బావ కోపం నేను మోయగలను అక్కా. నన్ను కోసింది నీ మౌనం. ఆయన స్పీకర్‌లో ఆ మాటలంటుంటే నీ గాజుల చప్పుడు వినిపించింది. పక్కనే ఉన్నావు. ఒక్క మాట అనలేదు. కనబడ్డ దేవుడికల్లా మొక్కమన్నది నువ్వేనని బావకు తెలియదు. నేను చెప్పను, చచ్చినా చెప్పను. నిన్ను ఆయన ముందు నిలబెట్టి నేను గెలవలేను.

సహస్ర లంగా కొలత గంగారాంకు రాసివ్వు, నాకు ఫోన్‌లో చెబుతాడు. ఎర్ర పట్టుది తీసుకుంటాను. లీవు దొరికింది, టికెట్ చేతిలో ఉంది. మాఘమాసంలో మీరు వేములవాడ వెళ్ళే పొద్దుకు నేనూ అక్కడే ఉంటాను. మంగలి పక్కన కొత్త పంచె పరుచుకుని కూర్చుంటాను. మల్లేశ్ కూడా కూర్చుంటాడు కాబోలు, కూర్చోనీ. పాప నీ చంకలో ఉంటుంది. ఎవరి ఒడిలో దించుతావో బావ చెప్పనక్కరలేదు, నేను అడగను. అందరూ చూస్తుండగా నువ్వే దించు.

అత్తమ్మకు నా దండాలు. బావకు కూడా, పెద్దవాడు కాబట్టి. పాపకు ముద్దులు. కోపంలో ఏమైనా ఎక్కువ రాస్తే చిన్నవాడినని మన్నించి, తల మీద చెయ్యి పెట్టి దీవించు.

నీ తోడబుట్టిన
నర్సయ్య