వెన్‌బరీ హాల్ ఎమ్మాలు

మార్చి 3, 2003

మా హోటల్ చరిత్ర నన్ను రాయమన్నాడు మేనేజర్ టన్నిక్లిఫ్. ఇరవై రెండేళ్ళుగా వెన్‌బరీ హాల్ రిసెప్షన్‌లో కూర్చున్నాను కాబట్టి నాకన్నీ తెలుసట. నాకు తెలిసిందల్లా ఎనిమిదో నంబరు గదిలో వేడినీళ్ళు రావని. ఆ సంగతి వద్దట. ఈ హోటలు ఒకప్పుడు దొరల ఇల్లుగా ఉన్న కాలం కావాలట.

మార్చి 9

స్టోర్‌రూమ్‌లో మూడు ఫొటోలు దొరికాయి. 1899, 1919, 1939. ఇంటి మెట్ల మీద పనివాళ్ళంతా వరసగా నిలబడ్డారు. మూడింటి వెనకా హౌస్‌మెయిడ్ పేరు ఎమ్మా అనే ఉంది. నలభై ఏళ్ళు! నాకు కళ్ళు చెమర్చాయి. కూర్చున్న చోటే రాసేశాను: పదహారేళ్ళకి వచ్చి, జుట్టు నెరిసేదాకా ఈ ఇంటినే నమ్ముకున్న ఎమ్మా. ఇంత బాగా రాస్తానని నాకే తెలీదు.

మార్చి 11

టన్నిక్లిఫ్ మురిసిపోయాడు. ఫొటోలతో సహా నేను రాసింది కరపత్రంగా ప్రింటుకి పంపాడు. కొత్త టీ గదికి ఎమ్మా పేరే పెడతాడట, ఇత్తడి పలకకి ఆర్డరు కూడా ఇచ్చేశాడు.

మార్చి 20, సాయంత్రం

తల ఎక్కడ పెట్టుకోను?

ఓల్వెన్ ప్రైస్ అని వేల్స్ పెద్దావిడ. ఎనభై ఒకటో పుట్టినరోజని మనవరాలు టీకి తీసుకొచ్చింది. స్కోన్ రొట్టె మీద జామ్ రాసుకుంటూ నా కరపత్రం చదివింది. వెళ్ళబోతూ నా దగ్గరికొచ్చి, క్షమించమ్మా అంటూ మొదలుపెట్టింది. తప్పు నాదైతే క్షమాపణ ఆవిడది. మా బ్రిటన్ తీరే అంత.

ఆ 1939 ఫొటోలో ఎమ్మాని నేనేనమ్మా, అంది. ఈ ఇంట్లో హౌస్‌మెయిడ్‌గా ఎవరొచ్చినా ఎమ్మాయేనట. మాటిమాటికీ కొత్త పేరు ఎవరు గుర్తుపెట్టుకుంటారు అనేదట దొరసాని. ఓల్వెనా, అదేం పేరే, నువ్వు ఎమ్మావి, పో, అని మొదటిరోజే తేల్చేసిందట. నేనున్నది రెండేళ్ళేనమ్మా, నువ్వు నలభై ఏళ్ళు చాకిరీ చేయించేశావు నాచేత, అని నవ్వింది.

ఆవిడ వెళ్ళాక భూతద్దం తెచ్చుకుని చూశాను. ఒకామె బాగా పొడుగు. ఒకామెది చట్టిముక్కు. మూడో పిల్ల ఓల్వెన్. ఆ రోజు పేరు చదివి ఏడ్చానే గానీ, మొహం ఒక్కటీ చూడలేదు. సిగ్గుగా ఉంది.

మార్చి 21

పలక వచ్చేసింది. ఓల్వెన్ సంగతి చెబితే, ఇప్పుడు మార్చేదేం లేదు, ఎమ్మా అంటే అందరికీ గుర్తుంటుంది, ఓల్వెన్ అంటే ఎవరికి గుర్తుంటుంది, అన్నాడు టన్నిక్లిఫ్. అచ్చం ఆ దొరసానిలాగే మాట్లాడుతున్నారండీ, అన్నాను. పోర్టరు వింటుండగానే అన్నాను. టన్నిక్లిఫ్ మొహం కందగడ్డ చేసుకుని వెళ్ళిపోయాడు.

మార్చి 25

నాలుగు రోజులు మాటల్లేవు. ఇవాళ వచ్చి, కిటికీలోంచి బయటికి చూస్తూ, ఆ పెద్దావిడని ఓసారి రమ్మనండి, వేరే పలక చేయిద్దాం, అన్నాడు. మంచివాడే, కాస్త ఆలస్యంగా.

ఏప్రిల్ 6

ఫొటోల్లోని మిగతా ఇద్దరి అసలు పేర్లు ఓల్వెన్‌కీ తెలియవు. చర్చి రిజిస్టర్లు తిరగేశాను, దొరకలేదు. ఓల్వెన్ పేరు కింద ‘ఇంకా ఇద్దరు’ అని చెక్కించాం. నాకు చాలా బాధగా ఉంది.

ఏప్రిల్ 12

పలక పెట్టాం. ఓల్వెన్ చూసి తలూపింది. తరవాత ఒక్కతే కింద వంటింటి నడవలోకి దిగి, నన్ను పై మెట్టు మీద నిలబడమంది. ఒక్కసారి పిలువమ్మా, పనికి పిలిచినట్టు గట్టిగా పిలువు, అంది.

ఓల్వెన్! అని పిలిచాను.

ఆఁ, వస్తున్నానమ్మా, అంది.

చాలాసేపటికి గానీ పైకి రాలేదు.